తుపాకీ ఒకటే, కార్ఖానాలు ఇరవై



మ్యూజియంలో పాత సైనిక తుపాకీ కనిపిస్తే చాలామంది దాని పొడవు చూసి ఆశ్చర్యపోతారు. నన్నడిగితే, చూడవలసింది గుర్రం పక్కనుండే ఇనుప పలక. తయారైన ఏడాది, తయారుచేసిన చోటు దాని మీదే చెక్కి ఉంటాయి. బానిసత్వం గురించి అమెరికాలో 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో సగం కథ ఇలాంటి పలకల మీదే ఉంది. అమెరికా దూది అందక ఇంగ్లండు మిల్లులు మూతపడి, మన బళ్ళారి సీమ దూదికి ఎక్కడలేని ధర పలికింది కూడా ఆ యుద్ధం రోజుల్లోనే.

ఉత్తరాది సిపాయిల చేతుల్లో ఎక్కువగా ఉన్నది స్ప్రింగ్‌ఫీల్డ్ 1861 నమూనా రైఫిల్ మస్కెట్. ఈ పేరులో రెండు తుపాకులున్నాయి. మస్కెట్ అంటే మూతి వైపు నుంచి మందు కూరే పొడవాటి తుపాకీ. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలోనైతే మెలి తిరిగిన గాడులుంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పి, దారి తప్పకుండా పంపుతాయి. చిక్కల్లా ఏమిటంటే, గాడుల్లో బిగుతుగా పట్టే గుండును మూతి నుంచి లోపలికి దించడానికి ఎంతో సేపు పట్టేది. 1849లో మినీ అనే ఫ్రెంచి సైనికాధికారి అడుగున గుల్లగా ఉండే సీసపు గుండు తయారుచేశాడు. దిగేటప్పుడు అది వదులుగా జారుతుంది. మందు అంటుకోగానే ఆ ఒత్తిడికి అడుగు విప్పారి గాడులను పట్టుకుంటుంది. దాంతో నిమిషానికి మూడుసార్లు కాల్చడం సాధ్యమైంది. 1857లో మన సిపాయిలు కొవ్వు పూసిన తూటాల గురించి తిరగబడిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ కూడా ఈ జాతిదే.

యుద్ధం మొదలయ్యేనాటికి అమెరికా ప్రభుత్వానికి రెండే తుపాకీ కార్ఖానాలుండేవి. ఒకటి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్, రెండోది వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ. 1861 ఏప్రిల్ 18న హార్పర్స్ ఫెర్రీ వదిలిపోతూ ఉత్తరాది దళమే దానికి నిప్పు పెట్టింది. మంటల్లో మిగిలిన యంత్రాలను దక్షిణాదివారు రిచ్‌మండుకూ ఫేయెట్‌విల్‌కూ తరలించుకుపోయారు. ఇక స్ప్రింగ్‌ఫీల్డ్ ఒక్కటే మిగిలింది. 1861లో అక్కడ సుమారు 13,800 తుపాకులు తయారైతే, 1864లో సుమారు 2,76,000 తయారయ్యాయి.

అదీ చాలలేదు. ఒక్కొక్కటి ఇరవై డాలర్ల చొప్పున, సుమారు ఇరవై ప్రైవేటు సంస్థలు చేసి ఇచ్చాయి. వాటిలో రివాల్వర్లు చేసే కోల్ట్ ఉంది, బట్టలు నేసి రైలింజన్లు కూడా కట్టిన ఆమోస్‌కెగ్ కూడా ఉంది. ఒప్పుకున్నవారిలో కొందరు ఒక్క తుపాకీ కూడా ఇవ్వలేకపోయారు.

ఇన్ని చోట్ల తయారైన తుపాకులు ఒకదానికొకటి సరిపోయేదెలా? పూర్వం కమ్మరి ఆకురాయితో రాస్తూ, ఏ తుపాకీకి ఆ తుపాకీ భాగాలనే అమర్చేవాడు. ఒకదాని గుర్రం రెండోదానికి పట్టేది కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్ పద్ధతిలో ప్రతి భాగానికీ ఉక్కు కొలబద్దలు, అంటే గేజీలు ఉండేవి. గేజీలో కూర్చోని భాగాన్ని తనిఖీదారు తీసి పక్కన పడేసేవాడు. అందువల్ల యుద్ధభూమిలో విరిగిన రెండు తుపాకుల నుంచి పనిచేసే ఒకదాన్ని కూర్చుకోగలిగారు. వంకర టింకర వాల్‌నట్ కర్రను చెక్కడానికి థామస్ బ్లాంచర్డ్ కనిపెట్టిన లేత్ ఉండనే ఉంది. పక్కన ఒక నమూనా తిరుగుతుంటే, ఆ ఒంపులనే అది కొత్త కర్ర మీద దించేది. గొట్టానికి మాత్రం మొదట్లో ఇంగ్లండు ఇనుమే దిక్కు. తర్వాత న్యూజెర్సీలోని ట్రెంటన్ కార్ఖానా దానికి తగిన ఇనుము తయారుచేసింది.

రిచ్‌మండు తుపాకీ పలక చూడండి, పైన ఒక గూను ఉంటుంది. 1855 నమూనాలో అక్కడొక కాగితపు చుట్ట పెట్టేవారు. దీపావళికి పిల్లల తుపాకీలో పెట్టే రీలు లాంటిదే. చెమ్మ తగిలితే అది పేలేది కాదు. దాన్ని తీసేసి, విడిగా రాగి టోపీ తొడిగే పద్ధతికి వచ్చారు. రిచ్‌మండువారికి దొరికినవి పాత అచ్చులు కావడంతో, రీలు లేకపోయినా గూను మిగిలిపోయింది.

తుపాకీ ఉంటే చాలదు, తూటాలూ కావాలి. కాగితంలో మందు పోసి, గుండు పెట్టి చుట్టే పని ఎక్కువగా పేదింటి ఆడపిల్లలు చేసేవారు. 1862 సెప్టెంబరు 17న పిట్స్‌బర్గ్ దగ్గర అలెఘెనీ ఆయుధశాల పేలి 78 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆ అమ్మాయిలే. బాట మీద ఒలికిన మందుకు బండి చక్రం నుంచో గుర్రపు నాడా నుంచో రవ్వ తగిలిందని సాక్షులు చెప్పారు. అదే రోజు యాంటీటమ్ యుద్ధంలో వేల మంది కూలిపోవడంతో, ఈ పిల్లల వార్త దాని చాటున పడిపోయింది.

1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో 27,574 తుపాకులు ఏరారు. వాటిలో సుమారు 24,000 కూరినవి కూరినట్లే ఉన్నాయి. చాలావాటిలో రెండేసి, అంతకంటే ఎక్కువ తూటాలున్నాయి. ఆ హోరులో టోపీ తొడగడం మరిచినవాడికి తన తుపాకీ పేలలేదని కూడా తెలియదు. మళ్ళీ మందు కూరేవాడు. 1865లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఎర్‌స్కిన్ అలిన్ ఈ తుపాకుల వెనుక భాగం కోసి, తలుపులా తెరుచుకునే మూత అమర్చాడు. ఇక తూటా వెనుక నుంచే పెట్టాలి, ఒకటుండగా రెండోది పట్టదు.