చుక్కలు చూచువారికి ఎఱ్ఱదీపము

కార్తికమాసపు అమావాస్యనాడు ఆదిలాబాదు అడవులలో ఆకాశమును చూడగోరి పట్టణములనుండి వచ్చువారు శాలువలు తెత్తురు, దుర్భిణి తెత్తురు, నక్షత్రపటమును తెత్తురు. ఆ పటమును చూచుటకు మాత్రము తెల్లని టార్చిలైటునో, సెల్‌ఫోనునో వెలిగింతురు. అరగంటసేపు చీకటిలో కన్ను కూడబెట్టుకొన్న శక్తి ఆ క్షణముననే పోవును. మరల తల యెత్తి చూచినచో సన్నని చుక్కలు కానరావు.

కంటి వెనుక తెరయందు రెండు విధములైన కణములు కలవు. పగటి చూపును, రంగులను ఎఱుగుటయు శంకువుల పని. చీకటి చూపు దండముల పని. దండములందలి రోడాప్సిన్ అను పదార్థము వెలుగు సోకగనే విరిగిపోవును. చీకటిలో అది తిరిగి నిండుటకు 30, 40 నిమిషములు పట్టును. ఈ పదార్థము సుమారు 500 నానోమీటర్ల నీలిపచ్చ వెలుగును మిక్కిలిగా గ్రహించును. 640 దాటిన ఎఱుపును దాదాపు గ్రహింపనే గ్రహింపదు. శంకువులు మాత్రము ఆ ఎఱుపులోను అక్షరములను చదువగలవు. ఎఱ్ఱదీపపు రహస్యమంతయు ఇంతే.

పగలు నిప్పువలె మండు మోదుగుపూలు సందెచీకటిలో బొగ్గులవలె నల్లబడుట ఆ ప్రాంతమువారికి క్రొత్త గాదు. కారణ మిదియే. చీకటి పడుకొలది ఎఱుపు ముందుగా మాయమగుటను చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1825లో వర్ణించెను. రెండవ ప్రపంచయుద్ధమున రాత్రివేళ విమానములు నడపువారు బయలుదేరుటకు ముందు ఎఱ్ఱ కళ్ళద్దములు పెట్టుకొనుటకును ఇదియే ఆధారము.

అయితే ఎఱుపైనంతమాత్రమున చాలదు. కాంతి హెచ్చైనచో ఎఱ్ఱదీపమును చూపును చెఱచును. అక్షరము కష్టముమీద కానవచ్చునంత మసకగా నుండవలెను. టార్చికి ఎఱ్ఱని గాజుకాగితము నాలుగైదు మడతలు చుట్టినచో పని జరుగును. ఒక చిక్కు కలదు: పటముపై ఎఱ్ఱసిరాతో వ్రాసిన గుర్తులు ఆ వెలుతురులో కనబడవు. అడవిబాటలో నడచునపుడు మాత్రము తెల్లని దీపమే మేలు. పోయిన చూపు అరగంటకు మరల వచ్చును. కట్లపామును త్రొక్కినవానికి అట్టి అవకాశము లేదు.

పూర్వపు కరీంనగరము జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో రాత్రియంతయు వెలుగు విద్యుద్దీపములు ఆకాశమునే తెల్లబఱచును గనుక, అచ్చట చేతిదీపపు రంగు మార్చినందువలన లాభము స్వల్పము. గోదావరి దాటి ఉట్నూరు అడవులవైపు పోయినవారికే దాని విలువ తెలియును. కార్తికమున రాత్రి తొలిజామున దేవయాని నక్షత్రమండలము అచ్చట నడినెత్తికి కొంచెము ఉత్తరముగా వచ్చును. అందలి నీహారిక 25 లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్న మఱియొక నక్షత్రలోకము. సూటిగా చూచినచో అది మాయమగును; కంటితెర నడుమ దండములు లేవు. కడగంటితో చూచినచో పొగమరకవలె కానవచ్చును. దానిని పటములో గుర్తించుకొనదలచినవారు దీపమును ఒడిలోనే వెలిగించి, వెంటనే ఆర్పివేయవలెను.