మూడు నిమిషముల కవిత్వము

నూలు ధరలు, మగ్గముల సంగతులు వ్రాయవలసిన ఈ పత్రికలో అమెరికా కవిత్వపు పోటీల ప్రసక్తి ఏల అని మన చదువరులు అడుగవచ్చును. కారణము మన ఇండ్లలోనే ఉన్నది. షోలాపూరులో గాని, భివండిలో గాని, సేలంలో గాని మన పిల్లలు అవ్వతో తెలుగే మాటాడుదురు. అదే పిల్లల చేతికి ఈ పత్రిక నిచ్చినచో చాలమంది చదువలేక తిరిగి ఇచ్చివేయుదురు. నోట భాష ఉన్నది, కంటికి అక్షరము లేదు. ఇట్టి పిల్లలను తలచుకొనుచుండగా ఎమీ మహమూద్ అను యువతి వృత్తాంతము మా దృష్టికి వచ్చినది.

ఈమెది సూడాన్ దేశమందలి దార్ఫూర్ ప్రాంతపు కుటుంబము. పసితనముననే తల్లిదండ్రులతో యెమెన్ దేశమునకు పోయి, 1998లో అమెరికా చేరినది. ఫిలడెల్ఫియా నగరములో పెరిగినది. 2003లో దార్ఫూర్‌లో యుద్ధము చెలరేగి లక్షలాది జనము ఊళ్లు విడిచిపోయిరి. ఎమీ యేల్ విశ్వవిద్యాలయములో జీవశాస్త్రము, మానవశాస్త్రము చదువుచు అక్కడి విద్యార్థుల కవితాబృందములో చేరినది.

ఆ పోటీలకు 'స్లామ్' అని పేరు. షికాగోలో మార్క్ స్మిత్ అను ఇండ్లు కట్టు కార్మికుడు 1986లో వీనిని ఆరంభించినాడు. కవి తన స్వంత కవితను మూడు నిమిషములలో చెప్పవలెను. పది సెకండ్లకు మించి ఆలస్యమైనచో మార్కులు తగ్గును. వాద్యము కూడదు, వేషము కూడదు. పండితులను పిలువరు. శ్రోతలలోనుండియే ఐదుగురిని ఏరి, పదికి ఇన్ని అని మార్కులు వేయింతురు. అన్నిటికన్న ఎక్కువది, తక్కువది తీసివేసి తక్కిన మూడును కూడుదురు. ముప్పది వచ్చినచో సంపూర్ణము.

2015లో వాషింగ్టన్‌లో జరిగిన వ్యక్తిగత ప్రపంచ పోటీలకు ఎమీ వెళ్లినది. పోటీల దినములలోనే ఆమె అవ్వ మరణించినది. అయినను వేదిక ఎక్కి 'మామా' అను కవిత చెప్పి ప్రథమ స్థానము గెలిచినది. మామా అనగా మన మేనమామ కాదు సుమా, అమ్మ! 2018లో ఆమె కవితల పుస్తకము వెలువడినది. ఆ యేడే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆమెను సద్భావనా రాయబారిగా నియమించినది. ఆ పోటీలు నడిపిన సంస్థ మాత్రము 2018తో ముగిసిపోయినది.

మాకొక సంకోచము లేకపోలేదు. మార్కుల కొరకు గొంతు పెంచువారు, కన్నీటిని అంగడిలో పెట్టువారు ఇందు చేరకపోరు. మెల్లగా చెప్పు మంచి కవి ఓడిపోవచ్చును. హెరాల్డ్ బ్లూమ్ అను విమర్శకుడు 2000లో దీనిని కళకు చావుగా ఎంచి తెగనాడినాడు. అంత కోపము మాకు లేదు. కూనపులివారు పటము విప్పి మార్కండేయ పురాణము చెప్పుచుండగా విన్న మన పెద్దలలో చదువు వచ్చినవారెందరు? కథ బాగుండినచో తెల్లవారుదాక కూర్చుండిరి, లేనిచో లేచిపోయిరి. వారు వేసిన మార్కులవియే.

రాబోవు మార్కండేయ జయంతి సభలో ఉపన్యాసముల కాలము కొంత తగ్గించి, ఇరువదియేండ్ల లోపు పిల్లలకు తలకు మూడు నిమిషములు ఇచ్చిన బాగుండునని మా సూచన. ఉపన్యాసకులు మమ్ము క్షమింతురు గాక. మార్కులు వేయుటకు సభలోని అవ్వలను ఐదుగురిని కూర్చుండబెట్టవచ్చును. కవిత తెలుగున ఉండవలెను. మరాఠీ, అరవ, కన్నడ లిపులలో దేనిలో వ్రాసికొని తెచ్చినను అభ్యంతరము ఉండరాదు.