కళాశాలలో ఆడపిల్లకు అన్యాయము జరిగినపుడు

ఆడపిల్ల కళాశాలనుండి కన్నీళ్లతో ఇంటికి వచ్చినపుడు మన ఊళ్లలో మొదట వినబడు మాట, "రేపటినుండి పోవద్దు" అనునది. ధర్మవరమువంటి పట్టునేత పట్టణమున ఈ మాట అమలు జరుగుట మరింత సులభము. మగ్గమున్న ఇంట ఆడపిల్ల చేతికి పని ఎప్పుడును సిద్ధముగ నుండును. కండెలు చుట్టుటకు ప్రవేశపత్రము అక్కరలేదు. తప్పు చేసినవాడు తరగతిలోనే యుండును. తప్పు చేయని పిల్ల రాట్నము ముందు కూర్చుండును. తలిదండ్రులు ఇది కోపముతో చేయునది కాదు, భయముతో చేయునది. ఐనను ఫలము ఒక్కటే.

చట్టము చెప్పునది దీనికి సరిగా ఎదురు. పిల్లను కాపాడు బాధ్యతయు, ఆమె చదువు నిలిచిపోకుండ చూచు బాధ్యతయు కళాశాలవే.

ఈ చట్టము వచ్చిన తీరు కొంత తెలిసికొనదగినది. రాజస్థానములో బాల్యవివాహమును ఆపజూచిన ఒక గ్రామసేవకురాలిపై 1992లో సామూహిక అత్యాచారము జరిగెను. ఆ ఘోరమునుండి పుట్టిన విశాఖ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న మార్గదర్శకములు వెలువరించెను. 2013లో పార్లమెంటు వానిని చట్టముగా చేసినది. ఉన్నత విద్యాసంస్థలకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., ప్రత్యేకముగ 2015 నిబంధనలను రూపొందించి 2016 మే నెలలో ప్రకటించెను.

ఇష్టము లేని స్పర్శ, అసభ్యమైన మాట, అశ్లీల చిత్రము చూపుట, లైంగికమైన కోరిక కోరుట — ఇవన్నియు వేధింపులే. ఫోనులో పంపు సందేశమును అట్టిదే. మార్కులు వేయుదునని ఆశపెట్టుట, తప్పింతునని బెదరించుట మరియు నీచము.

వివక్ష మాత్రము దుర్మార్గుల చేతనే జరుగునని తలంపరాదు. దుర్గాబాయిగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదువగోరినపుడు, ఆడపిల్లలకు హాస్టలు లేదు గనుక చేర్చుకొనజాలమని ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు చెప్పిరి. ఆయన ఛాందసుడు కాడు, పేరుగన్న విద్యావేత్త. దుర్గాబాయిగారు వెనుదిరుగలేదు. పత్రికలో ప్రకటన వేయించి, తనవలెనే వసతి లేక చదువు ఆగిన యువతులను కూడగట్టి, తామే ఒక వసతిగృహము నడుపుకొనిరి. ప్రవేశము లభించినది. లోపము సంస్థది, దానికి మూల్యము చెల్లించినది విద్యార్థిని.

ఈ లెక్క నేటికిని పూర్తిగ మారలేదు. దారిలో దీపములు లేవు గనుక ఆడపిల్లల హాస్టలు తలుపు పెందలకడనే మూయుదురు. మగపిల్లల తలుపు తెరచియే యుండును. రక్షణ పేరు చెప్పి విద్యార్థినులపై వేరు ఆంక్షలు పెట్టరాదని యు.జి.సి. నిబంధనలు స్పష్టముగ చెప్పుచున్నవి. దీపములు వేయింపుడు, చీకటి పడిన పిదప రాకపోకలకు వాహనములు ఏర్పరుపుడు అని అవి సంస్థను ఆదేశించుచున్నవి. దీపము ఖర్చుతో కూడినది, తాళము చౌక. అందుచేతనే కాబోలు తాళమే మనకు ముందు తోచును.

ఇక ఫిర్యాదు సంగతి. ప్రతి కళాశాలలోను అంతర్గత ఫిర్యాదుల సంఘము ఉండవలెను. దానికి అధ్యక్షురాలు సీనియరు మహిళ. సభ్యులలో కనీసము సగము మంది స్త్రీలు. బయటి సంస్థ నుండి ఒకరు. విషయము విద్యార్థులకు సంబంధించినదైనచో ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడ కూర్చుందురు. రిజిస్ట్రారు, డీను, శాఖాధిపతి వంటి అధికారులు ఇందు సభ్యులు కారాదు. సంఘము నియమింపని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా గలదు.

ఫిర్యాదు వ్రాతపూర్వకముగ, సంఘటన జరిగిన 3 నెలలలోపల ఈయవలెను. తగిన కారణమున్నచో సంఘము మరి 3 నెలలు పొడిగింపవచ్చును. పిల్ల వ్రాయజాలని స్థితిలో నున్నపుడు బంధువులును స్నేహితులును ఈయవచ్చును. విచారణ 90 దినములలో ముగియవలెను.

ఈ లోపల చదువు ఏమగును? తలిదండ్రుల భయమంతయు ఇక్కడనే. ఆరోపణకు గురియైన అధ్యాపకుడు ఆ విద్యార్థిని పరీక్షలను గాని పనిని గాని మదింపు చేయకుండ నిలుపు అధికారము నిబంధనలలోనే కలదు. ఇరువురిలో ఒకరిని వేరు విభాగమునకు మార్చవచ్చును. ఇట్టి తాత్కాలిక ఉపశమనము ఫిర్యాదుతోపాటే కోరవలెనని ఇంటివారికి తెలియక, పరీక్షలు తప్పునను భయముతో పెక్కుమంది మౌనము వహింతురు.

ఊరి పెద్దలు రాజీ మాట తెత్తురు. రాజీ పిల్ల తానుగా కోరినపుడే. అదియు డబ్బు ప్రాతిపదికగా జరుగరాదు. ఫిర్యాదు రుజువు కానంత మాత్రమున అబద్ధమని పిల్లను శిక్షింపరాదు. ఎదుటివానికిని తన మాట చెప్పుకొను హక్కు గలదు. గోవా విశ్వవిద్యాలయములో 2009లో విద్యార్థినులు ఒక శాఖాధిపతిపై ఫిర్యాదు చేసిరి, విచారణ తొందరగా నడచెను, ఉద్యోగము తొలగించిరి. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దుచేసి, విచారణ మరల జరుపుడనెను. పదునాలుగేండ్ల పిదప వ్యవహారము మొదటికి వచ్చెను. సక్రమమైన విచారణ ఎదుటివానికి చేయు దయ యనుకొనరాదు. అది లేనిచో ఫిర్యాదు చేసినవారి శ్రమయు వృథాయగును.

ఇంటర్మీడియెటు చదువు పిల్లల విషయము వేరు. వారిలో పెక్కుమంది 18 ఏండ్లు నిండనివారు. వారిపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినచో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట తప్పనిసరి, దాచుట నేరము. "కళాశాల పరువు" అను మాట ఇచ్చట చెల్లదు. పెద్దవారి విషయమునను సంఘమునకు ఫిర్యాదు చేసినంత మాత్రమున పోలీసు తలుపు మూసికొనిపోదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో వేధింపు, వెంటబడుట నేరములే.

సంఘసభ్యుల పేర్లు అందరికి కనబడుచోట ప్రకటింపవలెనని నిబంధన. రుసుము చెల్లించుటకు పోయిన నాడే నోటీసు బోర్డు చూచి ఆ పేర్లు వ్రాసికొనవచ్చును. కనబడకున్నచో ప్రిన్సిపాలుగారిని ఆనాడే అడుగవచ్చును. మహిళా సహాయమునకు 181, ఉచిత న్యాయసలహాకు 15100 ఫోను నంబర్లు.