బ్రేకులకు ఉప్పు చేయు కీడు

వాహనము నడుచుట ఎంత అవసరమో, నిలుపవలసిన చోట నిలుచుట అంతకంటె అవసరము. ఇంజను చెడిన లారీ దారిలో ఆగిపోవును. దానివలన కొంత ధనము, కొంత కాలము మాత్రమే నష్టము. బ్రేకు చెడిన లారీ ఆగదు; దానివలన కలుగు నష్టమునకు వెల కట్టలేము. ఇట్టి బ్రేకులను ఎవరి కంటను పడకుండ లోలోపల తినివేయు శత్రువు తుప్పు. ఆ తుప్పునకు తోడ్పడునది మనము నిత్యము వంటలో వాడు ఉప్పే.

ఉత్తర అమెరికాలో మంచు కురియు ప్రాంతములందు పాత లారీలకు, పికప్ బండ్లకు ఈ బెడద మిక్కుటము. ఎక్కడో మంచుదేశపు సంగతి మన పంచాయతీలకేల యని పాఠకులు అనుకొనవచ్చును. ఇందుకు రెండు కారణములు కలవు. మన గ్రామములనుండి చదువులకు, ఉద్యోగములకు ఆ దేశమునకు పోయిన యువతీయువకులలో పలువురు తొలిరోజులలో చవకగా దొరకు పాతబండ్లనే కొనుచుందురు. ఇక మన సముద్రతీర గ్రామములలోను ఉప్పుగాలి, ఉప్పునీరు వాహనములకు అదే కీడును చేయుచున్నవి. కనుక ఈ విషయమును కొంత వివరముగా చెప్పదలచితిమి.

రోడ్డుమీద ఉప్పు ఏల?

మంచినీరు సున్న డిగ్రీలవద్ద గడ్డకట్టును. ఉప్పు కలిసిన నీరు అంతకంటె ఎక్కువ చలి ఉన్నగాని గడ్డకట్టదు. ఈ సూత్రమును ఆధారము చేసికొని, రోడ్డుపై పేరుకొను మంచును కరగించుటకై దానిమీద ఉప్పు చల్లుదురు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున 1938లో ఈ పద్ధతిని ప్రయోగించి చూచిరి. నేడు ఆ దేశమున రోడ్లపై చల్లు ఉప్పు ఏటా సుమారు 2 కోట్ల టన్నులు. చలి మరింత తీవ్రమైనచోట కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు అను లవణములను గూడ వాడుదురు. ఇందువలన బండ్లు మంచుపై జారుట తగ్గి అనేకుల ప్రాణములు దక్కుచున్నవి. కాని ఆ ఉప్పునీరే చక్రములనుండి ఎగజిమ్మి బండి అడుగుభాగమంతయు అంటుకొనుచున్నది.

ఇనుమును ఉప్పు ఎట్లు తినును?

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కలిసినప్పుడు తుప్పు పుట్టును. ఉప్పు లేకున్నను తుప్పు పట్టును; ఐనను ఉప్పునీటిలో విద్యుత్తు సులభముగా ప్రసరించును గనుక ఆ మార్పు వేగముగా జరుగును. అంతేకాక, ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును త్వరగా ఆరనీయదు.

ఇచ్చట ఒక వింత కలదు. గడ్డకట్టు చలిలో తుప్పు మెల్లగా పెరుగును. అట్టి రోడ్డుమీదనుండి వచ్చిన బండిని కడుగక వెచ్చని షెడ్డులో నిలిపినచో, అంటియున్న మంచు కరగి, ఉప్పునీరు సందుసందులలోనికి ఇంకి, తుప్పు వేగముగా పెరుగును. బండిని కాపాడితిమనుకొన్న రాత్రియే దానికి ఎక్కువ చేటు జరుగును.

అవసరమునాడే తెగు గొట్టము

పికప్‌లవంటి చిన్న బండ్లలో పెడలు నొక్కిన బలము బ్రేకు ఆయిలుద్వారా చక్రములకు చేరును. ఆయిలును చేరవేయునవి సన్నని ఉక్కు గొట్టములు. ఇవి సుమారు 5 మిల్లీమీటర్ల లావుండును. గొట్టపు గోడ మందము ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. ఇవి బండి అడుగున, ఛాసిస్ ప్రక్కగా, పట్టీల క్రిందుగా పోవుచుండును. బురదయు ఉప్పును పట్టీలక్రింద చేరినచో పైకి కనబడవు.

నెమ్మదిగా పెడలు నొక్కినప్పుడు గొట్టములో ఒత్తిడి తక్కువ. తుప్పుపట్టిన గొట్టము సైతము దానికి తట్టుకొనును. బండికి అడ్డముగా ఒక పిల్లవాడు పరుగెత్తినపుడు డ్రైవరు శక్తికొలది నొక్కును. అప్పుడు చదరపు సెంటీమీటరునకు 70 కిలోగ్రాములకు మించిన ఒత్తిడి కలుగవచ్చును. పలుచబడిన గొట్టము ఆ క్షణముననే పగులును. నిన్నటివరకు చక్కగా పనిచేసిన బ్రేకు నేడు విఫలమగుటకు ఇదియే కారణము. సాధారణముగా బ్రేకు గొట్టములు రెండు భాగములుగా నుండుటవలన ఒకటి తెగినను రెండవది పనిచేయును. కాని బండి ఆగుటకు చాల ఎక్కువ దూరము పట్టును.

పెద్ద లారీలలో గాలి బ్రేకులుండును. వాటికి కలుగు చేటు వేరు. ఇనుప షూకు, దానికి బిగించిన లైనింగుకు నడుమ తుప్పు పుట్టును. తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటును ఆక్రమించును. గోడసందున మొలచిన రావిమొక్క గోడను చీల్చినట్లు, ఈ తుప్పు లైనింగును పైకెత్తి పగులగొట్టును.

2015 నాటి హెచ్చరిక

ఒక కంపెనీవారి 1999 మొదలు 2003 వరకు వచ్చిన నమూనాల పికప్‌లలోను, అట్టి ఇతర బండ్లలోను బ్రేకు గొట్టములు తుప్పుపట్టి తెగుచున్నవని ఫిర్యాదులు రాగా, అమెరికా రోడ్డు భద్రతాశాఖ విచారణ జరిపెను. 2015 ఏప్రిల్‌లో ఆ విచారణ ముగిసినది. ఇది ఒక్క కంపెనీకి పరిమితమైన లోపము కాదనియు, ఉప్పు చల్లు ప్రాంతములలో పాతబడిన బండ్లన్నిటికిని రాదగిన అరుగుదలయేననియు ఆ శాఖ తేల్చినది. ఆపై 2007, అంతకు పూర్వపు నమూనాల బండ్లు గలవారికి హెచ్చరిక చేసినది: చలికాలమందు తరచు బండి అడుగును కడుగవలెను, వసంతమున సమగ్రముగా శుభ్రపరుపవలెను, గొట్టములను నిపుణులచే పరీక్ష చేయింపవలెను, తుప్పు ముదిరినచో ఆ భాగమునకు మాత్రము అతుకు వేయక గొట్టముల సెట్టునంతను మార్పింపవలెను.

దీనినుండి గ్రహింపదగిన నీతి ఒక్కటి. బండి వయస్సును అది తిరిగిన మైళ్ళనుబట్టి మాత్రమే లెక్కింపరాదు. ఉప్పులో గడపిన కాలమునుబట్టి లెక్కింపవలెను. తక్కువ తిరిగినదని కొన్న బండియే ఎక్కువ తుప్పుపట్టి యుండవచ్చును. విదేశమందున్న మన పిల్లలకు ఉత్తరము వ్రాయునపుడు, ఫోనులో మాటాడునపుడు ఈ ఒక్క మాట చెప్పుడు: పాతబండి కొనుటకు ముందు దానిని పైకెత్తించి అడుగుభాగము చూపించుకొనవలెను.

మన తీరమున

మనకు మంచు లేదు, ఉప్పు కలదు. నౌపడ, చినగంజాం వంటి చోట్ల ఉప్పు మడులనుండి సరకు మోయు లారీలున్నవి. రేవులనుండి చేపలు తెచ్చు బండ్లలో పెట్టెలనుండి ఉప్పునీరు కారుచుండును. తీరమున నీటి ట్యాంకర్లు, చెత్త తరలించు బండ్లు ఏడాది పొడవునను ఉప్పుగాలిలోనే నిలిచియుండును. మంచుదేశములలో ఉప్పు కొన్ని నెలల బాధ. మన తీరమున అన్ని నెలల బాధ.

పంచాయతీలు చేయదగిన పనులు

1. వాహనము పై రంగునే గాక, వారమునకొకమారు అడుగుభాగమును గూడ మంచినీటితో కడిగింపవలెను. చెరువు ఉప్పునీటితో కడుగుట కడుగకపోవుటకంటె చేటు.

2. బ్రేకు ఆయిలు మట్టము తగ్గినను, బండి క్రింద తడి కనబడినను, పెడలు మెత్తగా దిగినను, ఆయిలు పోసి నడుపక వెంటనే బండిని నిలిపివేయవలెను.

3. ఆరునెలలకొకమారు మెకానిక్కుచే పట్టీలు ఊడదీయించి గొట్టములను, షూలను, లైనింగులను చూపింపవలెను. ఫిట్‌నెస్ పత్రము పరీక్షనాటి స్థితిని మాత్రమే తెలుపును.

4. గొట్టములు మార్చునపుడు తుప్పుపట్టని రాగి-నికెలు మిశ్రలోహపు గొట్టములు దొరకునేమో విచారింపవలెను. ఒట్టి రాగి గొట్టము అమర్చరాదు. అది అదురుటవలన పగులును.

5. వీటి ఖర్చును మరమ్మతుల పద్దులో ముందుగానే చేర్చుకొనవలెను. కడిగిన తేది, చూపించిన తేది ఒక పుస్తకమున వ్రాయించి, సమావేశములలో సభ్యులు చూడవలెను.

ఈ పనులకు కావలసినది బక్కెట్ల నీరు, కొద్దిపాటి వ్యయము, మరువని శ్రద్ధ. కడిగిన బండికి ఎవరును సన్మానము చేయరు. ఐనను బడినుండి వచ్చు పిల్లవాని ముందు ఆ బండి ఆగిననాడు, పద్దులో వ్రాసిన ఆ చిన్న మొత్తము ఎంత విలువైనదో గ్రామమంతటికిని తెలియును.