ఇంటి కాపలా, కిరాయి కాపలా

పోయిన చలికాలంలో ప్లెయిన్స్‌బరోలో ఉన్న ఒక మిత్రుడి ఇంటికి భోజనానికి వెళ్ళాను. గుంటూరు నుంచి ఆర్నెల్లకని వచ్చిన వాళ్ళ నాన్నగారు, రిటైరైన లెక్కల మాష్టారు, లాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చుని ఉన్నారు. ఆయనకొక ఈ-మెయిలు వచ్చింది. "మీ యాంటీవైరసు గడువు తీరింది. మరో ఏడాదికి 399 డాలర్లు మీ ఖాతాలోంచి తీసుకుంటున్నాం. వద్దనుకుంటే ఈ నంబరుకి ఫోను చెయ్యండి" అని దాని సారాంశం.

"అబ్బాయికి చెబితే కంగారు పడతాడని నేనే ఫోను చేద్దామనుకుంటున్నాను నాయనా" అన్నారు.

విచారిస్తే తేలిందేమిటంటే, ఆ ఇంట్లో ఎవరూ ఏ యాంటీవైరసూ కొననే లేదు! ఆయన ఫోను చేసి ఉంటే అవతలివాడు దూరం నుంచి కంప్యూటరును నడిపే ప్రోగ్రాం ఒకటి ఎక్కించమనేవాడు, బ్యాంకు ఖాతా తెరవమనేవాడు, చివరికి గిఫ్టు కార్డులు కొనుక్కు రమ్మనేవాడు. ఈ మోసాలన్నీ ఈ వరసలోనే నడుస్తాయి. సంగతి తెలిశాక మాష్టారు ఊపిరి పీల్చుకుని, "అయితే అసలు ఆ మందు కొనాలా, అక్కర్లేదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి సమాధానమే ఈ వ్యాసం.

ఒకప్పుడు కొనక తప్పేది కాదు. ఈ చరిత్రలో మన న్యూజెర్సీకీ ఒక పేజీ ఉంది. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరసు వర్డ్ డాక్యుమెంటు రూపంలో ఈ-మెయిలులో వచ్చి, తెరిచినవారి చిరునామాల పుస్తకంలో మొదటి 50 మందికి తనంతట తానే ప్రయాణం కట్టింది. దాన్ని వదిలిన డేవిడ్ స్మిత్ మన పక్కనున్న మాన్‌మత్ కౌంటీ వాడే. 2002లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది. ఆ రోజుల్లో విండోస్‌కి సొంత కాపలా లేదు. దుకాణానికి వెళ్ళి డబ్బాలో సీడీ కొనుక్కోవడమే మార్గం. మనలో చాలామందికి ఆ అలవాటు అప్పటిదే.

తరవాత పరిస్థితి మారింది. 2009లో మైక్రోసాఫ్ట్ ఒక ఉచిత యాంటీవైరసును విడుదల చేసింది. 2012లో వచ్చిన విండోస్ 8లో అది డిఫెండర్ పేరుతో ఇంట్లోనే పుట్టిన బిడ్డయింది. మొదట్లో దానికి పరీక్షల్లో అత్తెసరు మార్కులే వచ్చేవి. కానీ జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ వంటి స్వతంత్ర సంస్థల పరీక్షల్లో ఇటీవలి సంవత్సరాలుగా అది డబ్బిచ్చి కొనేవాటి సరసన నిలుస్తోంది. ఒక లోపం మాత్రం ఉంది. ఇంటర్నెట్టు లేనప్పుడు దాని చూపు కొంత మందగిస్తుంది. ఆపిల్ కంప్యూటర్లలో కూడా 2009 నుంచి ఎక్స్‌ప్రొటెక్ట్ అనే కాపలా ఉంది.

కొత్త లాప్‌టాప్‌లతో కొన్ని నెలల ఉచిత యాంటీవైరసు తరచు వస్తుంది. అది పనిచేస్తున్నంతసేపూ డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది. దాన్ని తీసేస్తే డిఫెండర్ మళ్ళీ తనే పనిలోకి దిగుతుంది. కనుక "గడువు తీరింది" అన్న హెచ్చరిక చూసి ఇల్లు బార్లా తెరిచి ఉందని బెంబేలు పడనక్కర్లేదు. రెండింటినీ ఒకేసారి నడపాలని మాత్రం చూడకండి. ఇద్దరు కాపలావాళ్ళు ఒకరినొకరు దొంగనుకుని పట్టుకుంటారు.

ఇంకో సంగతి. యాంటీవైరసు మన కంప్యూటరులో ప్రతి ఫైలునీ చూడగలదు. అంటే దాన్ని చేసినవాళ్ళని మనం పూర్తిగా నమ్మాలి. అవాస్ట్ వినియోగదారులు ఏ వెబ్‌సైట్లు చూశారో ఆ వివరాలను అమ్ముకున్నందుకు 2024లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీని కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం దేశభద్రత పేరుతో కాస్పర్‌స్కీ అమ్మకాలను నిషేధించింది. కిరాయి కాపలావాణ్ణి పెట్టుకునేముందు వాడి పూర్వాపరాలు కూడా కనుక్కోవాలన్నమాట.

అయితే ఏ కాపలా అయినా గోడకున్న కన్నాన్ని పూడ్చలేదు. 2017 మే 12న వాన్నక్రై ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ, తిరుమల తిరుపతి దేవస్థానంలోనూ కొన్ని కంప్యూటర్లకు ఆ దెబ్బ తగిలింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. ఆ మరమ్మతు వేసుకున్న కంప్యూటర్లలోకి అది ఆ దారిన దూరలేకపోయింది. కంప్యూటరు "అప్‌డేట్ చెయ్యమంటారా?" అని అడిగినప్పుడల్లా "రేపు" అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాంటి పాత యంత్రానికి ఖరీదైన యాంటీవైరసు కొనడం కంటే విండోస్ 11కి మారడం మేలు.

మరి కొనవలసినవాళ్ళు ఎవరూ లేరా? ఉన్నారు. ఇంట్లో నాలుగైదు రకాల యంత్రాలుండి, అన్నింటినీ ఒకేచోట నుంచి చూసుకోవాలనుకునేవాళ్ళూ, ఏదైనా జరిగితే ఫోనులో సాయపడే మనిషి కావాలనుకునేవాళ్ళూ కొనుక్కోవచ్చు. ఆఫీసు కంప్యూటరు విషయంలో ఆఫీసువాళ్ళు చెప్పిందే వేదం. "మీ గుర్తింపును కాపాడతాం" అని కలిపి అమ్మే సేవల కోసమే కొనేటట్టయితే ఒక్క క్షణం ఆగండి. మీ పేరున ఎవరూ అప్పు తీసుకోకుండా మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గరా తాళం వేయించుకోవడం 2018 నుంచి అమెరికా అంతటా ఉచితం.

మాష్టారికి నేను చెప్పింది ఇంతే: కొనక్కర్లేదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆకుపచ్చ గుర్తులు ఉన్నాయో లేదో చూసుకోండి. అప్‌డేట్లు ఆపకండి. మనవల ఫొటోలు వేరే డ్రైవులోకి కాపీ చేసి, దాన్ని కంప్యూటరు నుంచి ఊడదీసి దాచండి. బిల్లు వచ్చిందని ఈ-మెయిలు భయపెడితే అందులో ఉన్న నంబరుకి ఫోను చెయ్యకండి. ముందు బ్యాంకు ఖాతా చూసుకోండి, తరవాత అబ్బాయిని పిలవండి.

"వాడు కంగారు పడితేనో?" అన్నారు మళ్ళీ.

"పడనివ్వండి మాష్టారూ. మీరు అడిగితే వాడికి పోయేది ఐదు నిమిషాలే" అన్నాను. ఆయన నవ్వి, వంటింట్లో ఉన్న కొడుకుని కేకేసి ఆ ఈ-మెయిలు చూపించారు.