తాత తుపాకిని విప్పొద్దు.. ఆ పనే నేర్చుకోవచ్చు!

నల్లమల అంచున, కృష్ణా ఒడ్డున ఉన్న కొల్లాపూర్ ఒకప్పుడు జటప్రోలు సంస్థానానికి రాజధాని. ఇలాంటి ప్రాంతాల్లో పాత ఇంటి బీరువాలో ఓ డబుల్ బ్యారెల్ తుపాకి ఉండటం వింతేమీ కాదు. లైసెన్సు తాత పేరు మీద ఉంటుంది. అడవి పందులు చేలో పడ్డాయన్నప్పుడు, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించాల్సి వచ్చినప్పుడు తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఓ రోజు తీసి చూస్తే గుర్రం ఎక్కదు, లేదా బ్యారెల్ మూసుకోదు. ఇంట్లో ఐటీఐ ఫిట్టర్ చదివిన మనవడు ఉంటే ఇంకేముంది! ‘నాలుగు స్క్రూలే కదా, యూట్యూబ్ చూసి విప్పేద్దాం’ అనుకుంటాడు.

ఆగండి. ఆయుధాల చట్టం-1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకి తయారీ, అమ్మకం మాత్రమే కాదు, రిపేరుకూ లైసెన్సు ఉండాలి. తుపాకి ఉంచుకునే లైసెన్సు వేరు, బాగుచేసే లైసెన్సు వేరు. 2019 సవరణ తర్వాత దీన్ని ఉల్లంఘిస్తే 25వ సెక్షన్ కింద కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం జైలు. శిక్ష దాకా పోనక్కర్లేదు, కేసు నమోదైతేనే చాలు. కానిస్టేబుల్ ఉద్యోగానికో, గ్రూప్స్‌కో ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో అది రాయాల్సిందే. నాలుగు స్క్రూల కోసం నాలుగేళ్ల ప్రిపరేషన్ పణంగా పెట్టినట్టు!

మరి ఏం చేయొచ్చు? తుపాకిని విరిచి చాంబర్లు ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోవడం, బ్యారెల్, ముందు చెక్క, వెనక భాగం.. ఈ మూడింటినీ వేరు చేసి తుడిచి నూనె రాయడం లైసెన్సుదారు మామూలుగా చేసుకునే సంరక్షణే. చెడిపోతే లైసెన్సున్న డీలర్, రిపేరర్ దగ్గరికి తీసుకెళ్లాలి. తాత కదల్లేని స్థితిలో ఉంటే ఆయన రాసిచ్చిన అనుమతి పత్రంతో మనవడు తీసుకెళ్లొచ్చు. చట్టంలోని 3వ సెక్షనే ఆ వెసులుబాటు ఇచ్చింది. తాత చనిపోతే మాత్రం తుపాకిని ఇంట్లో ఉంచుకోకూడదు. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేసి, ఆ తర్వాత వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఇంతకీ లోపల ఏముంటుంది? 1875లో బర్మింగ్‌హామ్‌లో యాన్సన్, డీలీ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్న బాక్స్‌లాక్ పద్ధతే ఇప్పటికీ చాలా తుపాకుల్లో ఉంది. బ్యారెల్‌ను కిందికి వంచినప్పుడే ఆ బలంతో లోపలి సుత్తి వెనక్కి వెళ్లి ఆగుతుంది. పాతవాటిలో వి ఆకారపు స్ప్రింగులు ఉంటాయి. వాటిని సరైన బిగింపు పరికరం లేకుండా లాగితే పుటుక్కున విరుగుతాయి, లేదా ఎగిరి కంట్లో పడతాయి. స్క్రూల గాడి సన్నగా ఉంటుంది కాబట్టి బజార్లో దొరికే స్క్రూడ్రైవర్ జారి తల పాడవుతుంది.

అసలైన పనితనం మాత్రం బ్యారెల్ బిగింపులో ఉంటుంది. ఏళ్ల తరబడి వాడాక కీలు పిన్ను అరిగి, బ్యారెల్‌కూ దాని వెనకున్న దిమ్మెకూ మధ్య సందు వస్తుంది. 12 బోరు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. తూటా పేలిన ఒత్తిడంతా ఆ సందు దగ్గర పనిచేస్తుంది, కాల్చేవాడి ముఖం దానికి జానెడు దూరంలోనే ఉంటుంది. పాతకాలపు గన్‌స్మిత్‌లు భాగాలకు దీపం మసి పట్టించి, మూసి తెరిచి, మసి ఎక్కడ చెరిగిందో చూసి అక్కడే ఆకురాయితో ఓ పిసరు తీసేవారు. ఐటీఐ వర్క్‌షాపులో మార్కింగ్ బ్లూ పూసి మీరు చేసేదీ ఇదే కదా! ఫిట్టర్, మెషినిస్ట్, టర్నర్ కోర్సుల్లో నేర్పే ఫైలింగ్, హార్డెనింగ్, టెంపరింగ్ ఈ పనికి పునాది.

ఆసక్తి ఉంటే దారులు లేకపోలేదు. సైన్యంలో ఆయుధాల మరమ్మతు చూసేది ఈఎంఈ విభాగం, అందులో ఆర్మరర్ అనే ట్రేడే ఉంది. ఈఎంఈ శిక్షణ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉండటం మనకు కలిసొచ్చే విషయం. అయితే అగ్నివీర్‌గా చేరితే సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది 25 శాతం వరకే అన్నది మరవొద్దు. ట్రేడు కేటాయింపు కూడా మన ఇష్టం కాదు. పోలీసు శాఖలోనూ ఆర్మరర్లు ఉంటారు. ఇండోర్‌లోని బీఎస్ఎఫ్ ఆయుధ శిక్షణ సంస్థ ఈ కోర్సులు నిర్వహిస్తుంది, కానీ దానికి ముందు యూనిఫాం ఉద్యోగం సంపాదించాలి. ఆయుధ కర్మాగారాల్లో ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యేవి యుద్ధ వాహనాలు. చిన్న ఆయుధాల కోసమైతే తిరుచిరాపల్లి, కాన్పూర్, ఇషాపూర్ వైపు చూడాలి.

ప్రైవేటులో అవకాశాలు తక్కువే, దాచడమెందుకు? బిహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల లైసెన్సు కార్ఖానాలు ఉన్నాయి గానీ, పని ఎక్కువగా తరతరాల కుటుంబాల చేతుల్లోనే ఉంటుంది. క్రీడల వైపు మాత్రం గిరాకీ వేరు. హైదరాబాదీ కైనన్ చెనాయ్ ట్రాప్ షూటింగ్‌లో 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లారు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చారు. ఆ ఆటలో వాడేదీ మధ్యలో విరిచే రెండు గొట్టాల తుపాకే. అలాంటి ఖరీదైన తుపాకులను ముట్టుకోవాలంటే నమ్మకమైన చెయ్యి కావాలి. బెల్జియంలోని లియేజ్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఓ బడే ఉంది.

టెన్త్ పాసై ఫిట్టర్ ట్రేడులో చేరాలా వద్దా అని ఊగిసలాడేవారు ముందు దగ్గర్లోని ఐటీఐకి వెళ్లి ఫైలింగ్ బల్ల దగ్గర ఓ పూట నిలబడి చూడండి. తాత తుపాకి సంగతంటారా? ఆయనతో ఓ అనుమతి పత్రం రాయించుకుని, లైసెన్సు పుస్తకం వెంట పెట్టుకుని, లైసెన్సున్న రిపేరర్ దగ్గరికి బయల్దేరండి.