రంగు తగిలించిన యాంటీబాడీ

సూక్ష్మదర్శినిలో చూస్తే రక్తంలోని లింఫోసైట్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: గుండ్రటి కేంద్రకం, చుట్టూ పలచటి అంచు. సహాయక టీ కణం ఏది, వైరస్ సోకిన కణాలను చంపే టీ కణం ఏది, బీ కణం ఏది అన్నది రూపాన్ని బట్టి తెలియదు. విశాఖ మార్షలింగ్ యార్డులో బారులు తీరిన వ్యాగన్లను నంబరు చూసి తప్ప పోల్చుకోలేం. లింఫోసైట్ల నంబరు వాటి పైపొరలో పాతుకున్న గ్రాహకాలే. ఒక్క రకం గ్రాహకాన్నే వెతికి పట్టుకునే యాంటీబాడీకి వెలిగే రంగును రసాయన బంధంతో అతికిస్తే అది లేబుల్డ్ యాంటీబాడీ అవుతుంది. పట్టుకోవడం యాంటీబాడీకి పుట్టుకతో వచ్చిన విద్య. పట్టుకున్నదాన్ని కంటికి చూపించడమే దశాబ్దాలు పట్టిన పని.

1934లో ఇంగ్లండ్‌లో జాన్ మారాక్ బ్యాక్టీరియాను పట్టే యాంటీబాడీలకు ఎర్ర రంగు తగిలించారు. పరీక్షనాళికలో అది కనిపించింది గానీ కణజాలంలో చూడటానికి ఆ రంగు చాలలేదు. హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ సాధారణ రంగును వదిలి, అతినీలలోహిత కాంతి పడితే తానే వెలిగే పదార్థాన్ని ఎంచుకున్నారు. 1941లో ఆయన బృందం వాడిన రంగు నీలంగా వెలిగేది. తీరా చూస్తే కణజాలానికి సొంతంగానే నీలి మెరుపు ఉంది, రెండూ కలిసిపోయాయి. మరుసటి ఏడాది ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్‌తో ఎలుక కణజాలంలో న్యుమోకాకస్ జాడ స్పష్టంగా దొరికింది. అయితే ఆ రంగు తయారీకి ఫాస్జీన్ అనే విషవాయువు కావాలి. అందుకే చాలా ప్రయోగశాలలు దాని జోలికి పోలేదు. 1958లో రిగ్స్ బృందం ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేట్‌ను తయారుచేశాక ఈ పద్ధతి అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇది యాంటీబాడీలోని లైసీన్ అమైనో ఆమ్లాలకు అంటుకుంటుంది. రంగు ఎక్కువైతే మేలు అనుకోవడానికి లేదు. ఒక్కో యాంటీబాడీకి అతి తక్కువ రంగు అణువులుంటే కనిపించదు, మరీ ఎక్కువుంటే అవి ఒకదాని వెలుగును మరొకటి మింగేస్తాయి, పట్టు కూడా సడలుతుంది.

ఇక మిగిలింది యాంటీబాడీ శుద్ధత. కుందేలు రక్తం నుంచి తీసిన సీరంలో ఎన్నో రకాల యాంటీబాడీలు కలగాపులగంగా ఉంటాయి. ఒక కుందేలు ఇచ్చింది మరో కుందేలు ఇవ్వదు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఎలుక ప్లీహ కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తయారుచేసే కణవంశాన్ని సృష్టించారు. దానికి పేటెంటు తీసుకోలేదు. 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈలోగా 1979లో ప్యాట్రిక్ కుంగ్, గిడియన్ గోల్డ్‌స్టైన్ తదితరులు మనిషి టీ కణాలను గుర్తించే ఓకేటీ3, ఓకేటీ4 వంటి మోనోక్లోనల్ యాంటీబాడీలను వెలువరించారు. తలా ఒక పేరు పెట్టి గందరగోళం కావడంతో 1982లో పారిస్‌లో నిపుణులు కూర్చుని గ్రాహకాలకు సీడీ అంకెలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఓకేటీ4 పట్టేది సీడీ4. ఇప్పుడు ఆ వరుస 370 దాటింది.

అదే 1982లో మరో రంగు దొరికింది. సముద్రంలో పెరిగే ఎర్ర నాచుల నుంచి తీసిన ఫైకోఎరిథ్రిన్ అనే ప్రోటీన్‌ను యాంటీబాడీకి అతికించవచ్చని ఓయ్, గ్లేజర్, స్ట్రయర్ చూపారు. ఫ్లోరెసీన్‌ను వెలిగించే నీలి లేజరే దీన్నీ వెలిగిస్తుంది, కానీ ఇది నారింజ రంగులో వెలుగుతుంది. దాంతో ఒకే కణం మీద రెండు గ్రాహకాలను ఒకేసారి చూడటం సులువైంది.

టీ కణాలను గుర్తించే యాంటీబాడీలు చేతికొచ్చిన కొద్దికాలానికే ఎయిడ్స్ బయటపడింది. 1981లో లాస్ ఏంజెలెస్‌లో మైకేల్ గాట్లీబ్ వింత న్యుమోనియాతో వచ్చిన యువకుల రక్తాన్ని వీటితో పరీక్షిస్తే సహాయక టీ కణాలు దాదాపు కనిపించలేదు. 1984లో పారిస్, లండన్ బృందాలు ఎయిడ్స్ కారక వైరస్ (హెచ్‌ఐవీ) కణంలోకి దూరే ద్వారం సీడీ4 గ్రాహకమేనని తేల్చాయి. దానికి సాక్ష్యం కూడా ఈ యాంటీబాడీలే: సీడీ4ను ముందే కప్పేస్తే వైరస్ లోపలికి పోలేకపోయింది.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం హెచ్‌ఐవీని అణచే ఎ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది, హెచ్‌ఐవీ అప్పట్లో ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గోపాలపట్నం వైపు నుంచి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి ఎ.ఆర్.టి. కేంద్రానికి వచ్చే మనిషికి రోగలక్షణాలు ముదరకపోతే, మందు ఇప్పుడా తరవాతా అన్నది సీడీ4 కౌంట్ నిర్ణయించేది. ఘన మిల్లీమీటరుకు 200 లోపు వస్తేనే మందు. ఫ్యాక్స్‌కౌంట్ వంటి యంత్రంలో ఆ అంకె వచ్చే తీరు ఇది: ఊదా మూత గొట్టంలోని రక్తం నుంచి 50 మైక్రోలీటర్లు తీసి, రంగు తగిలించిన సీడీ4, సీడీ3 యాంటీబాడీలున్న గొట్టంలో కలిపి గంటసేపు చీకట్లో ఉంచుతారు. రెండెందుకంటే సీడీ4 మోనోసైట్లు అనే మరో రకం తెల్లకణాల మీదా కొద్దిగా ఉంటుంది. సీడీ3 టీ కణాల మీదే ఉంటుంది. రెండూ వెలిగితేనే లెక్క. కణాలు ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పోతాయి. గొట్టంలో ముందే వేసిన, సంఖ్య తెలిసిన ప్లాస్టిక్ పూసలతో పోల్చి యంత్రం కౌంట్ చెబుతుంది.

రోగి పడిపోయేదాకా ఆగమని చెప్పే ఈ హద్దు స్థిరంగా ఉండలేదు. అది 350కి, ఆపై 500కి జరిగింది. ముందుగా మొదలుపెడితే మేలని 2015లో స్టార్ట్ అధ్యయనం తేల్చింది. 2017 నుంచి భారత్‌లో కౌంట్ ఎంతైనా మందు ఇస్తున్నారు. ఇప్పుడు సీడీ4 పరీక్ష ఎవరికి అవకాశవాద అంటురోగాల ముప్పు ఎక్కువో చెప్పడానికి పనికొస్తోంది.

యాంటీబాడీ అబద్ధం కూడా చెప్పగలదు. దాని తోక భాగాన్ని మోనోసైట్లు తమ వేరే గ్రాహకాలతో పట్టుకుంటాయి. చచ్చిన కణాలకు ఏదైనా అంటుకుంటుంది. ఒక రంగు వెలుగు మరో రంగు గదిలోకి ఒలుకుతుంది. అందుకే మంచి ప్రయోగశాల ఒక్కో రంగునూ తప్పించి చూసే నియంత్రణ నమూనాలు నడుపుతుంది. ఫైకోఎరిథ్రిన్ తగిలించిన యాంటీబాడీ సీసాను 2–8 డిగ్రీల మధ్య చీకట్లో ఉంచాలి, గడ్డకట్టిస్తే పాడవుతుంది.

టీ కణం అసలు దేన్ని గుర్తుపడుతుందో చెప్పే టీసీఆర్ గ్రాహకం విషయంలో యాంటీబాడీ కూడా చాలదు, ఎందుకంటే ఆ గ్రాహకం కణానికొక తీరుగా ఉంటుంది. 1996లో జాన్ ఆల్ట్‌మన్, మార్క్ డేవిస్ టీసీఆర్ పట్టుకునే ఎర అణువులను నాలుగేసి కలిపి రంగు తగిలించారు. ఒక్కటైతే నిలవని పట్టు నాలుగైతే నిలిచింది. ఈ టెట్రామర్లతో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో రఫీ అహ్మద్ బృందం 1998లో ఒక లెక్క తేల్చింది. ఆయన హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివినవారు. వైరస్ సోకిన ఎలుకలో ఉద్రేకించిన సీడీ8 టీ కణాల్లో సగానికి పైగా ఆ వైరస్‌నే గుర్తుపట్టేవని తేలింది. అంతకు ముందు పద్ధతులు వాటిని చాలా తక్కువగా లెక్కించాయి. 2006లో అదే బృందం, దీర్ఘకాలం పోరాడి అలసిన టీ కణాల మీద పీడీ-1 గ్రాహకం దట్టంగా ఉంటుందనీ, దాని సంకేతాన్ని అడ్డుకుంటే కణాలు కోలుకుంటాయనీ చూపింది.

2014 నుంచి పీడీ-1ను అడ్డుకునే యాంటీబాడీలు అమెరికాలో క్యాన్సర్ మందులుగా అనుమతి పొందుతున్నాయి. వాటికి రంగు ఉండదు. ఆ మందు తీసుకుంటున్న రోగి రక్తంలో పీడీ-1ను వెతికితే ఒక చిక్కు వస్తుంది: మందు ముందే గ్రాహకాన్ని కప్పేసి ఉంటే, అదే చోటును పట్టే ప్రయోగశాల యాంటీబాడీకి జాగా దొరకదు, గ్రాహకమే లేనట్టు ఫలితం వస్తుంది. అప్పుడు మందును పట్టే మరో రంగు యాంటీబాడీని వాడి, గ్రాహకాన్ని దాని మీద కూర్చున్న మందు ద్వారా చూస్తారు.